మోటారు పోయిందనే ముందు గాలి సంగతి చూడండి

ఇంటి మెకానిక్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

దసరాకి ఇళ్లు దులపడం మొదలైందని ఉత్తరాలు చూస్తేనే నాకు తెలిసిపోతుంది. మిక్సీలు, గీజర్లు పక్కకి తప్పుకుని వ్యాక్యూమ్ క్లీనర్ ప్రశ్నలు వచ్చి పడతాయి. ఈసారి వాటిలో చాలామంది అడిగింది ఒకటే: "మోటారు పోయిందన్నారు, నిజమేనా?" చిక్కడపల్లిలో నా షాపుకి వచ్చేవాళ్లూ మెషిన్ బల్ల మీద పెడుతూ ఇదే మాట అంటారు. తెరిచి చూస్తే చాలాసార్లు మోటారు నిక్షేపంగా ఉంటుంది. అందుకే ఈ నెల పేజీ మొత్తం వీటికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: అన్నయ్యగారూ, కొత్త ఫ్లాట్‌లో చెక్కపని, పుట్టీ పని అయ్యాక ఇల్లంతా వ్యాక్యూమ్ క్లీనర్‌తోనే శుభ్రం చేశాం. అప్పట్నుంచి మెషిన్ మోత పెరిగింది, దుమ్ము మాత్రం లాగడం లేదు. ఇంటికొచ్చిన మెకానిక్ తెరవకుండానే మోటారు పోయిందన్నాడు. మార్చాలంటే కొత్తదాని ఖరీదులో సగం అవుతుందట. మార్పించమంటారా?
– ఒక సోదరి, కూకట్‌పల్లి

వద్దమ్మా, ఆగండి. మీరు రాసిన లక్షణాలన్నీ మోటారు బాగానే ఉందని చెబుతున్నాయి. దానికి గాలి అందడం లేదు, అంతే.

ఈ మెషిన్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. మోటారుకి ఒక చివర ఫ్యాన్ ఉంటుంది. అది నిమిషానికి 20,000 చుట్లకు పైగా తిరుగుతూ లోపలి గాలిని బయటికి తోసేస్తుంది. ఆ ఖాళీలోకి బయటి గాలి పైపులోంచి దూసుకొస్తూ దుమ్మును వెంట తెస్తుంది. దుమ్ము సంచిలో ఆగిపోతుంది. గాలి మాత్రం ఫిల్టర్ దాటి, మోటారు మీదుగా వెళ్లి దాన్ని చల్లబరిచి, వెనక జాలీలోంచి బయటపడుతుంది. దుమ్ము లాగేదీ ఆ గాలే, మోటారు కాలిపోకుండా కాపాడేదీ ఆ గాలే.

మోత పెరిగితే మోటారు కష్టపడుతోందని అందరూ భయపడతారు. జరిగేది వేరు. దారి మూసుకుపోతే ఫ్యాన్‌కి తోయడానికి గాలి ఉండదు. లోడు తగ్గేసరికి మోటారు ఇంకా జోరుగా తిరుగుతుంది, కూత సన్నబడి పైకి లేస్తుంది. నిజంగా పాడైన మోటారు ఇలా కూయదు. మూలుగుతుంది, గరగరమంటుంది, నిప్పురవ్వలు చిమ్ముతుంది, లేదా అసలు తిరగదు.

ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పైపు పూర్తిగా ఊడదీసి, మెషిన్ నోటి దగ్గర అరచెయ్యి ఆనించి ఆన్ చేయండి. చెయ్యిని గట్టిగా పట్టి లాగితే మెషిన్ వరకు అంతా బాగున్నట్టే, తప్పు పైపులోనో బ్రష్‌లోనో ఉంది. అక్కడే లాగకపోతే ప్లగ్గు పీకేసి మూత తెరవండి. మీ విషయంలో దొంగ అక్కడే దొరుకుతాడని నా నమ్మకం. గోడలకి పుట్టీ పెట్టి సాండ్‌పేపర్ కొట్టినప్పుడు రాలే పొడి అంత మెత్తన ఇంకేదీ ఉండదు. నార్సింగి వైపు కొత్త అపార్టుమెంటు నుంచి వచ్చిన మెషిన్ ఒకటి ఈమధ్యే తెరిచాను. సంచి సగమే నిండింది. కానీ సంచి లోపలి గుడ్డకి తెల్లటి పొర పట్టేసింది, గోటితో గీస్తే పెచ్చుగా ఊడింది. దాని వెనక మోటారుకి అడ్డంగా ఉండే నల్ల స్పాంజి బూడిదరంగుకి మారి అట్టలా బిగుసుకుపోయింది. సంచి నిండలేదు కదా అని ఆ ఇంట్లో ఎవరూ దాన్ని అనుమానించలేదు. సంచి ఎంత నిండిందన్నది కాదు, దాని గుడ్డలోంచి గాలి పోతోందా లేదా అన్నదే చూడాలి.

కాగితం సంచి అయితే దులిపి మళ్లీ వాడకండి, మార్చేయండి. గుడ్డ సంచిని బాల్కనీలో కాకుండా కింద ఖాళీ స్థలంలో, ముక్కుకి గుడ్డ కట్టుకుని దులపండి. స్పాంజి ఫిల్టర్‌ని మామూలు నీళ్లతో పిండి కడిగి నీడలో ఆరబెట్టండి. మడతల కాగితంలా కనిపించే హెపా ఫిల్టర్‌ని కడగొచ్చని దాని మీదే రాసి ఉంటే తప్ప నీళ్లు తగలనివ్వకండి. ఏ ఫిల్టరైనా ఒక రోజంతా ఆరాకే తిరిగి పెట్టాలి. తడిది పెడితే దుమ్ము బురదై అతుక్కుంటుంది, తేమ మోటారులోకి పోతుంది. ఆరేదాకా ఆగలేక ఫిల్టర్ లేకుండా నడిపేవాళ్లున్నారు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. ఆ పుట్టీ పొడి నేరుగా బేరింగుల్లోకి పోతుంది, అప్పుడు మెకానిక్ మాటే నిజమవుతుంది.

ఫిల్టర్లు శుభ్రంగా ఉన్నా లాగకపోతే పైపు చూడండి. ఒక చివర నుంచి గోలీ వేస్తే రెండో చివర నుంచి పడాలి. పడకపోతే లోపల జుట్టు ఉండో చాక్లెట్ కాగితమో అడ్డుపడి ఉంటుంది. ఇనుప తీగ, హ్యాంగరు పెట్టి పొడవకండి, పైపుకి చిల్లు పడుతుంది. మొద్దుగా ఉన్న కర్రతో నెమ్మదిగా తోయండి. కొబ్బరి బోండంలో వేసిన స్ట్రాకి చిల్లుంటే ఎంత పీల్చినా నీళ్లు రావు కదా, పైపు చిట్లినా అంతే. చిట్లు సాధారణంగా చేత్తో పట్టుకునే పిడి కింద, పైపు మాటిమాటికీ వంగే చోట వస్తుంది. మూత చుట్టూ ఉండే రబ్బరు వాషర్ కూడా ఒకసారి తడిమి చూడండి. అది గట్టిపడినా, గాడిలోంచి జారినా గాలి అక్కడినుంచే దూరుతుంది.

ఇకమీదట పుట్టీ, సిమెంటు, ముగ్గుపిండి లాంటివి ముందు తడిగుడ్డతో తుడిచేసి, మిగిలినదానికి మెషిన్ వాడండి.

ప్రశ్న: అన్నా, మా మెషిన్ ఇరవై నిమిషాలు మంచిగనే నడుస్తది, మళ్ల ఆగిపోతది. గంట అయినంక ఆన్ జేస్తే నడుస్తది. స్విచ్ మార్పించిన, ఫరక్ పడలే. పరేషాన్ అయితున్న. ఏం జెయ్యాలె?
– ఉప్పల్ తమ్ముడు

పరేషాన్ కావొద్దు తమ్ముడూ, మెషిన్ తనను తాను కాపాడుకుంటోంది. మోటారు పక్కన థర్మల్ కటౌట్ అని చిన్న భాగం ఉంటుంది. వేడి హద్దు దాటగానే అది కరెంటు కట్ చేస్తుంది, చల్లారాక మళ్లీ కలుపుతుంది. కొందరు మెకానిక్‌లు రెండు వైర్లు కలిపేసి దాన్ని తీసేస్తామంటారు. ఒప్పుకోవద్దు. ఆ తర్వాత వేడెక్కితే ఆపేవాడే ఉండడు, వైండింగ్ కాలిపోతుంది.

వేడి ఎందుకొస్తోందో చూడాలి. పైన కూకట్‌పల్లి సోదరికి రాసినవన్నీ నువ్వూ చెయ్యి. దాంతోపాటు వెనకవైపు గాలి బయటికొచ్చే చోట ఉండే ఫిల్టర్ కూడా తియ్యి. చాలామందికి అక్కడ ఒకటుందనే తెలియదు. ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడుతున్నావా? 1400 వాట్ల మెషిన్ 230 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లు లాగుతుంది. టీవీ కోసం కొన్న సన్నటి వైరు దాన్ని మోయలేదు, వైరూ ప్లగ్గూ కాగుతాయి. పవర్ సాకెట్‌లో నేరుగా పెట్టి చూడు. ఇన్ని చేసినా ఆగిపోతుంటే బేరింగు బిగుసుకుంటోందేమో, అప్పుడు తెరిపించు.

ప్రశ్న: అమ్మ ఉన్నప్పుడు ఇంటికి వచ్చిన సేల్స్‌మన్ దగ్గర కొన్న పాత మెషిన్ ఇది. ఈమధ్య కాలిన వాసన వస్తోంది, వెనక జాలీలోంచి చూస్తే లోపల నీలం మెరుపులు. షాపులో పాత ఇనుముకి వేసేయమన్నారు. అమ్మ జ్ఞాపకం, మనసొప్పడం లేదు.
– ఒక రిటైర్డ్ టీచర్, నల్లకుంట

వేయొద్దండీ. 1982లో యురేకా ఫోర్బ్స్ మొదలయ్యాక టై కట్టుకున్న కుర్రాళ్లు ఇంటింటికీ వచ్చి, పరుపు మీద మెషిన్ నడిపి, వచ్చిన దుమ్మును తెల్లగుడ్డ మీద చూపించి అమ్మేవారు. ఆ కాలపు మెషిన్లు ఇప్పటికీ నా బల్ల మీదకి వస్తూనే ఉన్నాయి. బరువైన బాడీ, అన్నీ స్క్రూలే, తెరిచి బాగుచేయడానికి వీలుగా ఉంటాయి. ఇవాళ్టి కొన్ని మోడళ్లలో ప్లాస్టిక్ బాడీని అతికించేస్తున్నారు. విరగ్గొట్టకుండా తెరవలేని వస్తువును అమ్మడం నాకు న్యాయంగా అనిపించదు.

మీ మెషిన్‌లో అరిగినవి కార్బన్లు అయ్యుంటాయి. మిక్సీలో ఉండేదీ ఇదే రకం మోటారు. తిరిగే ఆర్మేచర్‌కి కరెంటు అందించడానికి దాని చివర రాగి పట్టీల చుట్టు, అంటే కమ్యూటేటర్ ఉంటుంది. దాని మీద రెండు వైపులా రెండు కార్బన్ ముక్కలు స్ప్రింగు బలంతో ఆనుకుని ఉంటాయి. తిరిగేకొద్దీ అవి పెన్సిల్ ముల్లులా అరుగుతాయి. పొట్టిగా అయ్యేసరికి స్ప్రింగు వాటిని గట్టిగా నొక్కలేదు, మధ్యలో సందు వచ్చి మెరుపులు మొదలవుతాయి. కార్బన్ అంచున చిన్న నీలం రవ్వ కనిపించడం మామూలే. మంట కమ్యూటేటర్ చుట్టూ ఉంగరంలా తిరుగుతోందంటే మాత్రం ఆర్మేచర్ దెబ్బతింది. అది వేరే ఖర్చు.

మార్పించేటప్పుడు మెకానిక్ దగ్గర నిలబడి నాలుగు సంగతులు చూడండి. రెండు కార్బన్లూ ఒకేసారి మార్చాలి, ఒకటి కొత్తది ఒకటి పాతది పెడితే కుదరదు. పాతదాన్ని చేత్తో పట్టుకెళ్లి వెడల్పు, మందం సరిపోయినదే తేవాలి. కాస్త లావుగా ఉంటే సాండ్‌పేపర్ మీద రుద్ది, ఇత్తడి గూట్లో వేలితో తోస్తే సులువుగా జారేలా చేయాలి. బిగుతుగా ఉంటే ఇరుక్కుని మళ్లీ మెరుపులే. కమ్యూటేటర్ నల్లబడి ఉంటే నున్నటి సాండ్‌పేపర్‌తో తుడవాలి, ఎమరీ కాగితం వాడకూడదు. దాని రేణువులకి కరెంటు పారే గుణం ఉంది, పట్టీల మధ్య గాడిలో ఇరుక్కుంటే షార్ట్ అవుతుంది. కొత్త కార్బన్ల ముఖం ఆ గుండ్రానికి తగ్గట్టు అరిగేదాకా కొద్దిసేపు మెరుపులు ఉంటాయి, కంగారు పడొద్దు.

దొరికే చోటు కోఠి గుజరాతీ గల్లీ, లేదంటే రాణిగంజ్. బేరింగు కూడా అరిచిందంటే అక్కడే అడగండి. ఈ మోటార్లలో ఎక్కువగా కనిపించేది 608 నంబరు: లోపలి రంధ్రం 8, బయటి చుట్టు 22, మందం 7 మిల్లీమీటర్లు. కానీ బేరింగు మార్చడం ఇంట్లో చేసే పని కాదు. ఫ్యాన్ నట్టు కొన్నిటికి ఉల్టా మర ఉంటుంది. బలవంతంగా తిప్పితే ఫ్యాన్ వంగుతుంది, ఆ వేగంలో వంకర ఫ్యాన్ కొత్త బేరింగుని కూడా తినేస్తుంది.

కార్బన్ల జతకయ్యే ఖర్చు కొత్త మోటారు ముందు చాలా చిన్నది. అమ్మగారి మెషిన్ ఇంకా నడుస్తుందండీ.

ప్రశ్న: మొన్న వానకి గ్రౌండ్ ఫ్లోర్‌లోకి నీళ్లొచ్చాయి. వెట్ అండ్ డ్రై మెషిన్‌తో తోడుతుంటే ఒక్కసారిగా కీచుమని లాగడం ఆపేసింది. నీళ్లు మోటారులోకి పోయాయా అంకుల్?
– ఇంజినీరింగ్ విద్యార్థి, మల్కాజిగిరి

పోలేదు బాబూ. డ్రమ్ము నిండింది. నీళ్లు పైకొచ్చేసరికి లోపలి ఫ్లోట్ తేలి గాలి దారి మూసేస్తుంది. నీళ్లు మోటారుకి చేరకుండా చేసిన ఏర్పాటు అది. ఆఫ్ చేసి, నీళ్లు పారబోసి, ఫ్లోట్ కిందికి జారిందో లేదో చూసి మళ్లీ మొదలుపెట్టు. నీళ్లు లాగేటప్పుడు కాగితం సంచి, పొడి ఫిల్టర్ తీసేసి స్పాంజి తొడుగు వేయాలి. సబ్బు నురగ మాత్రం లాగొద్దు. నురగకి ఫ్లోట్ లేవదు, అది సరాసరి మోటారు దగ్గరికి పోతుంది. పని అయ్యాక ఖాళీ డ్రమ్ముతో ఐదు నిమిషాలు నడిపితే లోపలి తడి ఆరుతుంది. పొడి దుమ్ముకి మాత్రమే చేసిన మెషిన్‌తో చెంచాడు నీళ్లు కూడా లాగకూడదు.

ఇంకో మాట, దీన్ని తేలిగ్గా తీసుకోకు. నీళ్లు గోడ సాకెట్ల దాకా వచ్చి ఉంటే ఏ మెషినూ ఆన్ చేయకూడదు. మెయిన్ ఆపేసి బకెట్టుతో తోడుకోవాలి.

ప్రశ్న: సోఫా శుభ్రం చేస్తుంటే పైపు పట్టుకున్న చెయ్యి చిటుక్కుమంటోంది. ప్లగ్గుకి ఎర్త్ పిన్ను కూడా లేదు. ప్రమాదమా?
– ఒక అమ్మమ్మ, పద్మారావునగర్

ఎప్పుడో ఒకసారి చిటుక్కుమని వదిలేస్తే అది రాపిడి కరెంటు అమ్మా. పొడి గాలి, పొడి దుమ్ము ప్లాస్టిక్ పైపులో రాసుకుంటూ పోవడం వల్ల పుడుతుంది, ప్రమాదం లేదు. ఎర్త్ పిన్ను సంగతికి మెషిన్ కింద ప్లేటు మీద చతురస్రంలో చతురస్రం గుర్తుందేమో మనవళ్లని చూడమనండి. ఉంటే రెండు పొరల ఇన్సులేషన్ ఉన్నట్టు, దానికి ఎర్త్ అక్కర్లేదు. అలా కాకుండా స్టీలు పైపు పట్టుకున్నంతసేపూ జివ్వుమంటుంటే వెంటనే ప్లగ్గు తీసి పక్కన పెట్టేయండి, మెకానిక్ చూసేదాకా ముట్టుకోవద్దు.

ప్రశ్న: రోబో క్లీనర్ హాల్లో నల్ల తివాచీ దగ్గరికి రాగానే వెనక్కి తిరిగిపోతోంది. మధ్యలో ఆగి ఏదో ఎర్రర్ చెబుతోంది.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, గచ్చిబౌలి

తివాచీ నల్లగా ఉండటమే కారణం. మెట్ల మీంచి పడిపోకుండా రోబో కింద అంచున సెన్సర్లు ఉంటాయి. అవి ఇన్‌ఫ్రారెడ్ వెలుగు కిందికి వేసి, తిరిగొచ్చేదాన్ని బట్టి నేల ఉందో లేదో చూస్తాయి. నలుపు ఆ వెలుగుని మింగేస్తుంది కాబట్టి దానికి అక్కడ గొయ్యి ఉన్నట్టే. ముందు ఆ సెన్సర్ల అద్దాలు పొడిగుడ్డతో తుడవండి. దుమ్ము పట్టినా ఇదే గొడవ. కొందరు వాటిపై తెల్లకాగితం అతికిస్తారు. డూప్లెక్స్ ఇంట్లో అది చేస్తే రోబో మెట్ల మీంచి దొర్లుతుంది, వద్దు.

ఆగిపోవడానికి కారణం చాలావరకు జుట్టే. పెద్ద బ్రష్ తీసి రెండు చివరలూ చూడండి, ఇరుసు చుట్టూ జుట్టు తాడులా బిగుసుకుని ఉంటుంది. చిన్న కత్తెరతో కోసి లాగేయండి. ముందు చక్రాన్ని గట్టిగా పైకి లాగితే చాలా మోడళ్లలో ఊడొస్తుంది, దాని గూట్లోనూ అదే సరుకు. తడిగుడ్డ పెట్టే రకమైతే ట్యాంకులో బోరు నీళ్లు పోయకండి, మన నగరం బోరు నీళ్ల ఉప్పు సన్న రంధ్రాలని పూడ్చేస్తుంది.

ప్రశ్న: బాల్కనీలో పావురాల రెట్ట, ఈకలు మెషిన్‌తో లాగొచ్చా? పూజగదిలో అగరబత్తి బూడిద?
– గృహిణి, మియాపూర్

రెండూ వద్దమ్మా. ఎండిన రెట్ట పొడి మామూలు సంచిని దాటి వెనక నుంచి ఇల్లంతా చల్లుకుంటుంది. అది పీలిస్తే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అంటారు డాక్టర్లు. మాస్కు పెట్టుకుని, నీళ్లు చల్లి బాగా నానబెట్టి, తడిగానే గీకి తీయండి. ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్లని ఆ దరిదాపులకి రానివ్వకండి. బూడిదలో కనిపించని నిప్పు కణిక ఒక్కటున్నా మెషిన్ గాలి దాన్ని రాజేస్తుంది, సంచి అంటుకుంటుంది. దీపావళి మర్నాడు టపాసుల చెత్త కూడా చీపురుతోనే ఊడ్వండి.

ప్రశ్న: వైరు బటన్ నొక్కితే లోపలికి పోవడం లేదు.
– దిల్‌సుఖ్‌నగర్

ప్లగ్గు తీసి, వైరుని ఎర్ర గుర్తు దాకా లాగండి, దాన్ని దాటించొద్దు. మెలికలు విప్పి, జిడ్డు తుడిచి, చేత్తో దారి చూపిస్తూ బటన్ నొక్కండి. అప్పటికీ పోకపోతే లోపలి స్ప్రింగు పని అయిపోయింది. ఆ చుట్టని ఇంట్లో విప్పకండి, ఒక్కసారిగా ఎగిరి మొహానికి తగులుతుంది.

ప్రశ్న: చేత్తో పట్టుకునే కార్డ్‌లెస్ మెషిన్ ఆగుతూ నడుస్తూ ఉంది. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ పోయింది, ఆ మోడల్ బ్యాటరీ రావడం లేదు, కొత్తది కొనుక్కోమన్నారు. కొని ఎన్నాళ్లో కాలేదు.
– బ్యాంకు ఉద్యోగి, అల్వాల్

ముందు ఫిల్టర్ కడిగి ఆరబెట్టి చూడండి సార్. గాలి దారి మూసుకుపోతే చాలా కార్డ్‌లెస్ మెషిన్లు ఇలాగే ఆగి ఆగి నడుస్తాయి, బ్యాటరీకి సంబంధం లేదు. ఫిల్టర్ లేకుండా రెండు మూడు సెకన్లు మాత్రం ఆన్ చేసి చూడండి. ఆగకుండా నడిస్తే దోషం ఫిల్టర్‌దే.

ఫుల్ చార్జి చేసినా రెండు నిమిషాలకే ఆగిపోతుంటే బ్యాటరీ నిజంగానే అయిపోయింది. 21.6 వోల్టులని రాసి ఉన్న ప్యాకులో 3.6 వోల్టుల లిథియం సెల్సు ఆరు వరసగా ఉంటాయి. వాటిలో ఒక్కటి నీరసించినా మొత్తం ప్యాకు ఆగిపోతుంది. సెల్సు మార్చే షాపులు ఉన్నాయి. ఆరూ ఒకే రకం కొత్తవి వేయించండి, ఒక్కటే మార్చి ఇస్తామంటే వద్దనండి. కొత్త సెల్సుని స్పాట్ వెల్డింగ్‌తోనే కలపాలి, నేరుగా సోల్డరింగ్ చేస్తే ఆ వేడికి సెల్ పాడవుతుంది. ప్యాకు ఉబ్బినట్టుంటే చార్జింగ్ పెట్టకండి. మే నెల ఎండలో బాల్కనీలో చార్జింగ్ పెట్టే అలవాటుంటే అదీ మానేయండి.

స్పేరు లేదనే మాటని మాత్రం అంత తేలిగ్గా వదలొద్దు. ఆ జవాబు నోటితో కాదు, కాగితం మీద ఇమ్మనండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. కొన్న బిల్లు, మెషిన్ ప్లేటు మీది మోడల్ నంబరు, సర్వీస్ సెంటర్‌కి వెళ్లిన తేదీ దగ్గర పెట్టుకుని చేయండి. పాత బ్యాటరీ చెత్తబుట్టలో వేయకండి. చెత్తబండిలో నలిగితే అంటుకుంటుంది. టెర్మినళ్ల మీద టేపు అంటించి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వండి.